తెట్టు పోసింది నేను

మా అన్న కేరట్ మడిలో బెల్లం తెట్టు పోసింది నేను. పోసింది తనేనని మొన్న చోడవరంలో, హాలు నిండా రైతులు వింటూండగా, ఆయన మైకులో చెప్పేడు. చిన్నప్పుడు ఒకసారి చెప్పేడు, ఊరుకున్నాను. తల నెరిసిపోయిన తర్వాత రెండోసారి చెప్పేడు. ఇంక ఊరుకోను.

అన్న అంటే మా పెదనాన్న కొడుకు. నాకంటే మూడు నెలలు పెద్ద. ఆ మూడు నెలలకీ బతుకంతా 'అన్నా' అని పిలుస్తూ వస్తున్నాను. వ్యవసాయ శాఖలో ఉద్యోగం చేసి రిటైరయి, విశాఖపట్నంలో ఇల్లు కట్టుకున్నాడు. కూరగాయ తోటల్లో పురుగు పట్టకుండా ఏం చెయ్యాలో చెప్పడానికి ఆ మీటింగుకి ఆయన్ని పిలిచేరు. నన్ను కూడా పిలిచేరు, వినడానికి.

వేపగింజల కషాయం ఎలా కాయాలో చెప్పేడు. కేబేజీ చుట్టూ రెండు వరసలు ఆవాలు వేస్తే పురుగు ముందు ఆవాల మీదికి పోతుందని చెప్పేడు. గట్ల మీద బంతి మొక్కలన్నాడు. అవన్నీ సరే, పుస్తకాల్లో ఉన్నవే. ఆ తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుని నవ్వేడు.

"మీకో చిన్ననాటి ముచ్చట చెప్తాను. మాది ఈ పక్కన ఏటి ఒడ్డు పల్లే. పదకొండేళ్ళప్పుడు నా కేరట్ మడికి పురుగు పట్టింది. ఎవరూ నేర్పలేదు. బెల్లం తెట్టులో తవుడు కలిపి ఎర పెట్టేను. తెల్లారేసరికి పురుగంతా పైకొచ్చేసింది," అన్నాడు.

చప్పట్లు కొట్టేరు. చిన్న వయసు ఆఫీసరమ్మ ఒకావిడ లేచి తెల్లబోర్డు మీద రాసింది కూడా: 'బెల్లం తెట్టు, తవుడు. సారుగారి స్వానుభవం.' తర్వాత టీ, సమోసా ఇచ్చేరు. నా సమోసా పక్క కుర్చీలో ఉన్న రావికమతం ఊరాయనకి ఇచ్చేసేను.

"ఏటండీ, ఒంట్లో బాగోలేదా?" అన్నాడాయన.

"ఒళ్ళు బాగానే ఉంది," అన్నాను.

ఆటో ఎక్కి ఇంటికొచ్చేసరికి ఆ తెట్టు వాసన నా ముక్కులోకి వచ్చేసింది. కాస్త పులుపు, కాస్త తీపి, అడుగంటిన వాసన. ఎన్ని దశాబ్దాలయిందో ఆ వాసన పీల్చి. దాని వెనకాలే ఆ శీతాకాలం అంతా వచ్చింది.

మార్గశిరం వచ్చిందంటే మా ఊళ్ళో చెరుకు గానుగలు తిరగడం మొదలు. ఏటి గట్టు మీద మా తాత బెల్లం వండే పెనం ఉండేది. ఇద్దరు మనుషులు చేతులు చాచి పడుకున్నంత వెడల్పు. రసం కాగుతూంటే బెండ కాడలు నలగ్గొట్టి ఆ జిగురు అందులో పోసేవారు. అప్పుడు రసంలోని మురికంతా నల్లటి నురగ కట్టి పైకి తేలేది. అదే తెట్టు. పొడుగు కర్ర గరిటెతో దేవి పక్కన గోలెంలో పోసేవారు. మనుషులు తినరు. తవుడులో కలిపి గేదెలకి పెడతారు. మిగిలింది గట్టు కిందకి పారబోసేవారు. పారబోసిన చోట గడ్డి మాడిపోయి నల్లగా ఉండేది, చీమలు గుట్టలుగా పట్టేవి. ఆ ఛాయలకి మేక కూడా వెళ్ళేది కాదు.

పెనం దగ్గర పిల్లలకి పండగే. చిలగడదుంపలు గుడ్డలో మూటగట్టి, తాడుతో కాగే రసంలోకి దించేవారు. ఒక గంట తర్వాత మూట పైకి లాగి విప్పితే, దుంప లోపలి దాకా బెల్లం పట్టి, తేనె రంగులో వేళ్ళకి అంటుకునేది. మూట విప్పేది నాయనమ్మ. విప్పగానే మొదటి దుంప అన్నకి ఇచ్చేది.

"ఆడు పెద్దోడు గదరా," అనేది.

పాల మీద మీగడ వాడికి. గిన్నె అడుగు గీకుడు నాకు. గీకుడే రుచిరా బాబూ అని మా అమ్మ నచ్చజెప్పేది. నిజమే, గీకుడు బాగానే ఉంటుంది. కాని అది వాడు వద్దన్న తర్వాత వచ్చేది.

ఆ ఏడు మా ఇద్దరికీ అయిదో తరగతి. ఊళ్ళో బడి అక్కడితో సరి. ఆ పైన చదవాలంటే చోడవరం హైస్కూలుకి నడిచి వెళ్ళాలి. ఇంట్లో మగపిల్లలం ఇద్దరమే, పశువుల వెనక ఒకడు ఉండాలి, ఇద్దర్నీ పంపడం కుదరదని తాత తేల్చి చెప్పేసేడు. అలా అయితే వెళ్ళాల్సింది నేను. ఎక్కాలు పంతొమ్మిది వరకూ తడుముకోకుండా అప్పజెప్పేవాణ్ణి. వాడు పదమూడు దగ్గర ఆగిపోయి కిటికీలోంచి బయటకి చూసేవాడు. మేష్టారు ఇంటికొచ్చి మరీ తాతకి ఆ మాట చెప్పేడు. తాత మజ్జిగిచ్చి పంపేసేడు. తాతకి మార్కులు తెలీవు. మనిషిని మట్టిలో చూసేవాడాయన. కొత్త పాలేరు వస్తే నాగలి చేతికిచ్చి ఒక్క సాలు దున్నమనేవాడు. మా మేనత్తకి సంబంధం వస్తే పెళ్ళికొడుకుని చూడ్డానికి వెళ్ళి, ఆ ఇంటి పొలం గట్లు చూసి తిరిగొచ్చేడు.

అలాంటి రోజుల్లో గ్రామసేవకుడు సైకిలు మీద వచ్చి ఒక కాగితప్పొట్లం ఇచ్చేడు. పల్లెల్లో కొత్త పంటలు వేయించడం ఆయన ఉద్యోగం.

"ఏటి బాబూ ఇవి, జీలకర్రా?" అన్నాడు తాత.

"కేరట్ గింజలండి. దుంపకూర. ఎర్రగా వస్తాది. కళ్ళకి మంచిది."

"మా కళ్ళకేటి బాబూ, బాగానే అవుపిస్తన్నాయి."

అయినా పుచ్చుకున్నాడు. గింజలు అరచేతిలో వేసుకుని నలిపి వాసన చూసేడు. ఆ చూడ్డంలోనే ఆయనకి ఆలోచన వచ్చి ఉండాలి. మర్నాడు ఏటి పక్క ఇసకనేలలో రెండు మళ్ళు కట్టించేడు. తాడుతో కొలిచి సమానంగా కట్టించేడు. గింజలు రెండు వాటాలు వేసి మా ఇద్దరి చేతుల్లో పోసేడు.

"ఒరే, ఇద్దరూ ఇనండి. ఈ దుంప నానెప్పుడూ పండించనేదు. మీకూ తెల్దు, నాకూ తెల్దు. ఎవుడి మడి బాగొత్తే ఆడికి బుర్రున్నట్టు. ఆడు సోడవరం బడికి ఎల్తాడు. రెండోవోడు నాతో పొలంలో ఉంటాడు. ఏడుపులు, అలకలు నాకాడ సెల్లవు."

"గెలిసినోడు ఎల్లనంటే?" అన్నాడు అన్న.

"ఎల్లనంటే ఈపు బద్దలవుద్ది."

చూసేరా. నేను దేనికోసం నిద్రలో కూడా ఎక్కాలు చదువుకుంటున్నానో, అది వాడికి అక్కర్లేదు. అక్కర్లేనివాడితో పోటీ పడవలసి రావడం కంటే అవమానం ఇంకోటి లేదు.

నేను మనసు పెట్టి చేసేను. మా నేలలో కూర పండించినా, కూడు పండించినా ఒకటే పద్ధతి. ముందు ఆకుమడి పొయ్యాలి, నారు ఎదిగేక పీకి, ఎడం ఎడంగా నాటాలి. వరి అంతే, వంగ అంతే, మిరప అంతే. నేను ఓ మూల ఆకుమడి పోసి, ఉదయం సాయంత్రం ఏట్లోంచి ముంతతో నీళ్ళు తెచ్చి చిలకరించి, మొక్కలు నాలుగాకులు వేసేక పీకి నాటేను. వేలితో కన్నం పొడిచి, ఒక్కొక్క మొక్క అందులో దించేను. వెంట్రుకలాంటి వేరు. అది కన్నంలో మడతపడుతోందని చూసేను కూడా. వరికి మడతపడదా, వరికేమైంది అనుకున్నాను.

అన్న మొదటిరోజే గింజల్లో ఇసక కలిపి మడంతా చల్లేసి చేతులు దులుపుకున్నాడు. గోళీలాటకి వేళ దాటిపోతోందని.

"నారు పొయ్యవేట్రా?" అన్నాను.

"పోసి, పీకి, మల్లీ పాతడం ఎందుకురా? ఇక్కడే మొలిసి ఇక్కడే సావనీ," అన్నాడు.

వాడి మడి ఒత్తుగా పచ్చగా మొలిచింది. దగ్గరకెళ్తే వాము, కొత్తిమీర కలిపి నలిపిన వాసన. నా మొక్కలు నాటేక వారం రోజులు తలలు వాల్చి పడుకున్నాయి. సగం లేవలేదు. అది చూసి వెళ్ళిన ప్రతివాడూ అన్న భుజం తట్టేవాడు. నాయనమ్మకి ఇంకా దుంప సంగతి అర్థం కాక, ఆకుకూర కాబోలనుకుని వాడి మడిలో ఓ గుప్పెడు ఆకు కోసి పప్పులో వేసింది. తాత ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయేడు.

"ఒసే, ఇది పప్పా, పురిటి కసాయమా?"

"పెద్దోడు పండించిన ఆకు. మారుమాటాడకుండా తిను," అంది నాయనమ్మ. నా మడిలో ఆకు కొయ్యలేదు. కొయ్యడానికి ఏముంది గనక.

ఆ తర్వాత భగవంతుడు నా వైపు చూసేడు. ఓ పొద్దున్న వెళ్ళేసరికి వాడి మడిలో మొక్కలు కత్తెరతో కోసినట్టు వరసగా పడి ఉన్నాయి. తాత వేలితో మట్టి కెలికితే బూడిదరంగు లావుపాటి పురుగు బయటపడి, ముట్టుకోగానే చుట్ట చుట్టుకుంది. పగలంతా మట్టిలో దాక్కుని, చీకటి పడ్డాక పైకొచ్చి మొదలు కొరికే పురుగు. నా మడిలో ఒక్క మొక్క పోలేదు. ఎలా పోతుంది? నాయనమ్మ బీరపాదుకి బూడిద జల్లడం చూసి, ప్రతి మొక్క మొదటా పొయ్యి బూడిద గుండ్రంగా వేసి ఉంచేను. మంచుకి తడిసిపోతే మళ్ళీ వేసేను. ఆ పురుక్కి పొడి బూడిద మీద పాకడం గిట్టదు. పదకొండేళ్ళవాణ్ణి, ఎవరూ చెప్పకుండా. అది మాత్రం ఏ బోర్డు మీదా ఎవరూ రాయలేదు.

నా ఆనందం రెండు రోజులు. మూడో రోజునుంచి తాత వాడి మడి దగ్గర కూర్చోవడం మొదలుపెట్టేడు. ఇద్దరూ గొంతుక్కూర్చుని, పుల్లలతో మట్టి కెలికి పురుగులు ఏరి ముంతలో వేసేవారు. ఏరుతూ తాత కబుర్లు చెప్పేవాడు. తన చిన్నప్పుడు మిడతలు ఎలా వచ్చేయో, వాళ్ళ నాన్న డప్పు వాయించి ఎలా తరిమేడో. ఆ కబుర్లు నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఎండ ఎక్కితే తన తలగుడ్డ తీసి వాడి నెత్తిన వేసేవాడు. పక్క మడిలో నా నెత్తి మీద ఉన్నదీ ఆ ఎండే. నా మడికి పురుగు లేదు, అంచేత నా మడికి తాత కూడా లేడు.

"తాతా, నా మడి సూడు," అన్నాను ఓ రోజు.

"సూసేన్రా. నీదానికేటి, బాగుంది," అన్నాడు, తల ఎత్తకుండా.

ఆ సాయంత్రం పెనం దగ్గర తవుడులో తెట్టు కలిపిన బకెట్టు నా చేతికిచ్చి, శాలలో గేదెలకి పెట్టమన్నారు. శాలకి దారి ఏటి గట్టు మీదుగానే. ఇంకా పొద్దు గుంకలేదు. మళ్ళ దగ్గర ఎవరూ లేరు. బకెట్టు కింద పెట్టి వాడి మడివైపు చూసేను. గట్టు కింద తెట్టు పడ్డచోట మాడిపోయిన గడ్డి కళ్ళముందు కనిపించింది. చీమల గుట్టలు కనిపించేయి. మడిలోకి దిగి, ఈ చివర నుంచి ఆ చివర దాకా బకెట్టంతా ముద్దలు ముద్దలుగా పోసుకుంటూ పోయేను.

నిజం రాస్తున్నాను. పురుగు చావాలని కాదు. మడి చావాలని.

ఏట్లో చేతులు కడుక్కుని, గేదెలకి ఉత్త కుడితి పెట్టేను. అవి మూతి ముంచి, ఎత్తి, నా మొహం కేసి చూసేయి.

మర్నాడు తెల్లవారుతూంటేనే మళ్ళవైపు నుంచి గోరింకల గోల. తాతా, మేమిద్దరం వెళ్ళేం. మడి నిండా గోరింకలు, వాటి వెనక కాకులు. ప్రతి తవుడు ముద్ద చుట్టూ పురుగులు, తీపి తిని తిని పొట్టలు ఉబ్బి, వెలుగొచ్చినా మట్టిలోకి దిగే ఓపిక లేక పడి ఉన్నాయి. పిట్టలు ఏరుకుంటున్నాయి. పిట్టలు వదిలేసినవాటిని చీమలు ఈడ్చుకుపోతున్నాయి. మొక్క మాత్రం ఒక్కటి మాడలేదు. గట్టు కింద గడ్డి మాడింది తెట్టుకి కాదు, సలసల కాగే వేడికి. నేను పోసింది చల్లారిన తెట్టు. పంతొమ్మిదో ఎక్కం వచ్చినవాడికి ఆ మాత్రం తట్టలేదు.

తాత గట్టు మీద నిలబడి చూసేడు. మొహంలో ఉన్నది కోపమో సంతోషమో తెలీలేదు.

"ఎవుడ్రా ఈ పని సేసింది?"

ఆ గొంతు నాకు తెలుసు. నేను కట్టుతాడు విప్పేసి దూడకి పాలు తాగించేసిన రోజు విన్న గొంతు. నేను నేలకేసి చూసేను.

"ఎవుడ్రా అంటంటే?"

ఒక గోరింక లావుపాటి పురుగుని ముక్కున కరుచుకుని, మింగుడుపడక, రాయికేసి బాదుతోంది. తాత దాన్ని చూసి పకపక నవ్వేడు. అప్పుడు, ఆ నవ్వు విన్న తర్వాత, అంతకుముందు కాదు, అన్న నోరు విప్పేడు.

"నానే తాతా."

"నువ్వా?"

"ఊఁ. పురుక్కి తీపంటే ఇట్టం గదా అని."

తాత వాడి నెత్తిన చెయ్యి వేసేడు. "బెల్లం వొండీ ఊళ్ళో పుట్టి ముసిలోణ్ణయిపోయేను. ఈ ముక్క నాకు తట్టనేదు," అన్నాడు.

నేను నా మడిలోకి దిగి మొక్కల మొదళ్ళ బూడిద సరిచేసేను.

మధ్యాహ్నం ఏట్లో స్నానం చేస్తూ అడిగేను.

"నువ్వెప్పుడు పోసేవురా?"

"నిన్న సాయంత్రం."

"నిన్న సాయంత్రం నువ్వు గోళీలాడతన్నావు."

"మరెవుడు పోసేడంటావు?" అన్నాడు వాడు, నా మొహంలోకి చూస్తూ.

నేను నీళ్ళలో మునిగేను. కాస్త ఎక్కువసేపే మునిగేను.

ఆ తర్వాత వారం రోజులూ సాయంత్రం వాడూ తాతా కలిసి బకెట్టు పట్టుకెళ్ళి ముద్దలు పెట్టేరు. చూసి ఊళ్ళోవాళ్ళు తమ వంగనారు మళ్ళలో పెట్టేరు, మిరప మళ్ళలో పెట్టేరు. 'గుంటడి ఎర' అని దానికో పేరు కూడా వచ్చింది. గుంటడంటే కుర్రాడు. ఆ కుర్రాణ్ణి నేను. ఆ పేరు విన్నప్పుడల్లా అందరూ వాడికేసి చూసేవారు.

మాఘం వెళ్ళేక దుంపలు తీసేం. చూడ్డానికి పెనం దగ్గర పనివాళ్ళు కూడా వచ్చేరు. అన్న మొక్క పట్టుకుని లాగితే ఇసకలోంచి సర్రున వచ్చింది. జానెడు పొడుగు, తిన్నగా, సాయంత్రం సూర్యుడి రంగు. తడి మట్టి వాసనతో కలిసిన ఆ తీపి వాసన ఇప్పటికీ ఏ బజారు కేరట్‌లోనూ నాకు దొరకలేదు. నేను లాగేను. నాది రెండు కాళ్ళతో వచ్చింది. ఇంకోటి లాగేను. మూడు కాళ్ళు. మరోటి కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. నాటినప్పుడు వేరు మడతపడితే దుంప చీలిపోతుందని, కేరట్ నారు పోసి ఊడ్చే పంట కాదని, చల్లిన చోటే పెరగాలని, తర్వాత ఎప్పుడో పుస్తకంలో చదివేను. గోళీలాటకి తొందరపడ్డవాడు ఆ పుస్తకం చదవకుండానే గెలిచేడు.

"ఓలమ్మ, దీనికి లాగు కుట్టించాల," అంది నాయనమ్మ.

"లాగెందుకత్తా, కాళ్ళున్నాయి గదా. చోడవరం బడికి దాన్నే నడిపించీ," అంది మా పెద్దమ్మ. ఆవిడ అన్న తల్లి. అందరూ నవ్వేరు. మా అమ్మ కూడా నవ్వింది. నవ్వి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తాత ఒక్కడే నవ్వలేదు. నా మూడుకాళ్ళ దుంపని ఏట్లో కడిగి కొరికి నమిలేడు. "రుసి ఒకటే," అన్నాడు. అని, ఇంకో ముక్క కొరికేడు. అయినా మాటంటే మాటే.

ఆవేళ చిలగడదుంపలకి బదులు కేరట్లు మూటగట్టి పెనంలోకి దించేరు. నేను తినలేదని రాస్తే బాగుండును. తిన్నాను. వాడివే తిన్నాను, తిన్నవి నాలుగో అయిదో. కళ్ళమ్మట నీళ్ళు కారుతూంటే పొగ అని చెప్పేను.

బళ్ళు తెరిచిన రోజు వాడు కొత్త చొక్కా వేసుకుని, గుడ్డసంచి భుజాన వేసుకుని, ఏడ్చుకుంటూ వెళ్ళేడు. నేను ఏడ్చుకుంటూ ఉండిపోయేను. గుంటలిద్దరూ ఒకర్నొకరు వదలలేక ఏడుస్తన్నారని ఊళ్ళో అనుకున్నారు.

ఆ తర్వాత నా చదువు శాలలో జరిగింది. సాయంత్రం వాడు అరుగు మీద కూర్చుని పాఠం వల్లెవేసేవాడు. నేను గేదెలకి గడ్డి వేస్తూ వినేవాణ్ణి. వాడు మధ్యలో మర్చిపోయి ఆగితే, తర్వాత ముక్క శాలలోంచి అందించేవాణ్ణి. వాడు ఊఁ అని అందుకుని సాగిపోయేవాడు. ఒక్కనాడు కూడా ఇదెలా తెలుసురా నీకు అని అడగలేదు. వాడి పుస్తకాలు ఏడాది ఆలస్యంగా నాకొచ్చేవి. చివర పేజీల్లో బొమ్మలు గీసేవాడు. ఆ బొమ్మల కింద ఉన్న అక్షరాలు కూడా కూడబలుక్కుని చదివేను. కొట్లో పొట్లాలు కట్టిన కాగితాలు విప్పి చదివేను. పొలంలో కనిపించిన ప్రతి పురుగునీ సీసాలో పెట్టి, అది ఏం తింటుందో, ఎన్నాళ్ళకి రెక్కలొస్తాయో చూసి, పెన్సిలుతో రాసుకున్నాను. ఆ నోటుపుస్తకాలు ఇంకా ఉన్నాయి. చెద పట్టకుండా వాటిలో వేపాకు పెట్టుకున్నాను.

ఉద్యోగం వచ్చిన కొత్తలో ఆయన జీపులో మా ఊరొచ్చేడు. అప్పటినుంచి 'వాడు' కాస్తా 'ఆయన' అయ్యేడు. నా వంగతోటలో నిలబడి, పదిమంది ముందు, "తమ్ముడూ, కొమ్మ తొలిచే పురుగు పట్టిన చిగుళ్ళు తుంచి తగలబెట్టాలి," అన్నాడు. తుంచి తగలబెట్టడానికి నేను పోగేసిన చిగుళ్ళ కుప్ప ఆయన బూట్ల పక్కనే ఉంది. "అలాగే అన్నా," అన్నాను. కె.కోటపాడు నుంచి కూడా జనం పురుగు పట్టిన ఆకులు కాగితంలో చుట్టుకుని నా దగ్గరికొచ్చేవారు, ఇప్పటికీ వస్తారు. "ఇదేటి బాబాయ్?" అని అడుగుతారు. చెప్తాను. నన్ను బాబాయ్ అంటారు. ఆయన్ని సార్ అంటారు.

తాత పోయేముందు మంచం పక్కన నేనే ఉన్నాను. అన్న విశాఖపట్నం నుంచి రావడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల్లో చెప్పేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. తాత కళ్ళు తెరిచినప్పుడల్లా "పెద్దోడొచ్చేడా?" అని అడిగేడు. వస్తన్నాడు తాతా అన్నాను.

ఇప్పుడు ఏటి గట్టున పెనం లేదు. పొయ్యి గొయ్యి పూడ్చేసి ఎవరో టేకు మొక్కలు నాటేరు. గానుగ రోళ్ళు ఎవరింటి ముందు మెట్లయ్యేయో తెలీదు. చెరుకు లారీల మీద వెళ్ళిపోతుంది. తెట్టంటే ఏమిటో మా వీధిలో చెప్పగలవాళ్ళు నాతో కలిపి ముగ్గురో నలుగురో. ఆనాటి ఊరే పోయేక ఆ ఊళ్ళో ఎవరు ఏం చేసేరన్నది ఎవరికి కావాలి అంటారు. నాకు కావాలి. ఆ పొద్దున్న తాత చెయ్యి ఆగవలసిన నెత్తి నాది. ఆ చెయ్యి బరువెంతో తెలీకుండానే నేను ముసలాణ్ణయిపోయేను.

మీటింగు నుంచి వచ్చిన మర్నాడు అన్నకి ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

"ఫోన్ చేసీవచ్చు గదా మావయ్యా," అంది మా కోడలు.

"ఫోన్లో మాట గాలికి పోద్దమ్మా. కాయితం ఉంటాది."

మూడు పేజీలు రాసేను. తెట్టు పోసింది నేను అని రాసేను. తాత నవ్వేదాకా నోరు మూసుకుని, నవ్వేక 'నానే' అన్నావని రాసేను. ఆ ఒక్క మాటతో నా చదువు పట్టుకుపోయేవని రాసేను. ఆ బోర్డు మీద ఉండాల్సింది నా పేరని, వచ్చే మీటింగులో అదే మైకులో నువ్వే దిద్దుకోవాలని రాసేను. ఎందుకు పోసేనో మాత్రం రాయలేదు. మూడు పేజీల్లో దానికి చోటు లేకపోయింది.

వారం చూసేను. రెండు వారాలు చూసేను. పోస్టుమేన్ సైకిలు బెల్లు వినిపిస్తే వీధి గుమ్మంలోకి వెళ్ళి, ఊరికే వచ్చినట్టు నిలబడేవాణ్ణి. ఆయన జవాబు రాయడనే అనుకున్నాను. రాయకపోతే నేనే గెలిచినట్టని కూడా అనుకున్నాను.

నిన్న వచ్చింది. కవరు కాదు, కార్డు. దారిలో చదవనివాడు ఎవడు? పోస్టుమేన్ "మీ అన్నగారు బాగా రాసేరండి," అని నాతో అంటూ, ఎదురొచ్చిన కోడలి చేతికిచ్చేడు. కోడలు చదివి, నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. చేతిరాత నా రాతకంటే బాగుండదు, ఎప్పుడూ అంతే. ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను:

"తమ్ముడూ, ఉత్తరం చేరింది. నువ్వు రాసింది నిజం. తెట్టు నేను పొయ్యలేదు. వచ్చే నెలలో కె.కోటపాడు మీటింగుకి పిలిచేరు. లేవగానే మొదటి మాట నీ పేరే చెప్తాను, బోర్డు మీద కూడా రాయిస్తాను. ఒక్కటే చిక్కు. మన రైతుల సంగతి నీకు తెలుసు, ఊరుకోరు. 'ఆయన మడి పక్కనే ఉంది గదండీ, మరి ఆ తెట్టు తన మడిలో పోసుకోకుండా మీ మడిలో ఎందుకు పోసేడు?' అని అడుగుతారు. దానికేం చెప్పమంటావో అది కూడా రాయి. నువ్వేది రాస్తే అదే చెప్తాను."